నేను ఖాళీ అని రాసిన స్థలం

పోయిన నెల ఫ్రిస్కోలో, మా అమ్మాయి వాళ్ళ ఇంటికి ఎదురుగా ఉండే తెల్లాయన కారు వెనక కట్టి లాక్కెళ్ళే పొడుగాటి ట్రైలర్ ఇల్లొకటి కొని తెచ్చి డ్రైవ్‌వేలో నిలబెట్టాడు. మూడోరోజు తిరక్కుండానే కాలనీ వాళ్ళలో గుసగుసలు మొదలై, ఇళ్ళ యజమానుల సంఘం, అదే హెచ్‌ఓఏ నుంచి ఈమెయిళ్ళు కూడా వచ్చేశాయి. మా అల్లుడు ఆ కమిటీలో ఉన్నాడు. బంగారంలాంటి మనిషే గానీ పక్కింటి గడ్డి అంగుళం ఎక్కువ పెరిగితే నిద్రపట్టని రకం. "అత్తయ్యా, దాన్ని అలా వదిలేస్తే మన స్ట్రీట్ మొత్తానికి రీసేల్ వాల్యూ పడిపోతుంది" అంటూ కంప్లైంట్ కాగితం మీద నన్నూ ఒక సంతకం పెట్టమన్నాడు. కళ్ళజోడు కనిపించడం లేదని తప్పించుకున్నాను. కళ్ళజోడు నా తలమీదే ఉంది, మా మనవరాలు అది చూసి కిసుక్కున నవ్వింది కూడా.

ఎందుకు పెట్టలేదో వాళ్ళకి విడమరిచి చెప్పే ఓపిక లేకపోయింది, చెప్పినా వినే తీరిక వాళ్ళకీ లేదు. మన వయసు వాళ్ళకైతే రెండు ముక్కల్లో అర్థమవుతుంది, ఎందుకంటే ఈ దేశంలో చేతికి ఏ పని దొరికితే ఆ పనిలో దూరిపోయి, తప్పులు చేసుకుంటూ మనుషుల్ని నేర్చుకున్నవాళ్ళం మనం. నేను చేసినవాటిలో పెద్ద తప్పు ఒకటుంది, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆ తప్పు వల్లే నా కళ్ళతో చూసిన దృశ్యం ఒకటుంది, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

డెబ్భైల చివరి సంవత్సరాల మాట. వాల్తేరులో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చేసి, పెళ్ళయి, మా వారి వెంట టెక్సస్ వచ్చి, రెండేళ్ళు నాలుగు గోడల మధ్య పప్పు తాలింపులు వేసుకుంటూ కూర్చున్నాక, మేమున్న నగరపు హౌసింగ్ ఆఫీసులో నాకొక చిన్న ఉద్యోగం దొరికింది. ఇంటింటికీ వెళ్ళి ఫారాలు నింపుకుని రావడం, వాటిని కూడి పట్టికలు వేయడం, ఇంతే పని. మా వారు ప్రతి ఆదివారం నాతో పోట్లాడుతూ నేర్పిన డ్రైవింగ్, ఏసీ లేని ఒక పాత కారు, తొడుక్కున్న ప్రతిసారీ ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టనిపించే ప్యాంటు, చొక్కా, ఇవే నా ఆస్తిపాస్తులు. అయినా గవర్నమెంటు ఉద్యోగమన్న గీర మాత్రం దండిగా ఉండేది.

ఆ నగరం చివర, రైలు పట్టాలు దాటాక, సిటీకి చెందిన పెద్ద బయలు ఒకటి ఉండేది. దాన్ని ఎప్పటినుంచో ట్రావెలర్లు అద్దెకు తీసుకుని ట్రైలర్లు పెట్టుకునేవారు. వీళ్ళు ఐర్లండులో బండ్ల మీద ఊరూరా తిరుగుతూ, చిల్లులుపడిన గిన్నెలకు మాట్లు వేస్తూ, గుర్రాలు అమ్ముతూ బతికిన వాళ్ళ సంతతి. ఈ దేశానికి వచ్చి తరాలు గడిచినా తిరగడం మానలేదు. వేసవంతా రాష్ట్రాలు దాటుకుంటూ వెళ్ళి ఇళ్ళ కప్పులకు రంగులు, డ్రైవ్‌వేలకు తారు వేసి సంపాదించుకునేవాళ్ళు. ఆ బయలును షాపింగ్ సెంటరు కోసం అడుగుతూ ఒక కంపెనీ వచ్చింది. అమ్మే ముందు, అక్కడ ఎన్ని కుటుంబాలున్నాయి, వాళ్ళకి ఎలాంటి ఇళ్ళు అవసరమవుతాయి అన్నది తేల్చి చెప్పమని కౌన్సిలు మా ఆఫీసును అడిగింది. నా లెక్కను బట్టే ఆ నేల ఉండడమో పోవడమో అన్నమాట. మా ఆఫీసరు ఫారాల కట్ట చేతికిస్తూ, హ్యాండ్‌బ్యాగు జాగ్రత్త అని కూడా చెప్పాడు.

సిగ్గు విడిచి చెప్తున్నాను, నేను ఆ బ్యాగును చంకలో బిగించుకునే వెళ్ళాను. మన ఊళ్ళలో సంచారం చేసుకునేవాళ్ళు వీధిలోకి వస్తే తలుపులు బిడాయించుకుని, గిన్నెలు లోపల పెట్టుకున్న ఇళ్ళలోంచే కదా మనమూ వచ్చాం. ఆగస్టు నెల, నిప్పులు చెరిగే ఎండ. అంత పెద్ద బయల్లో అక్కడొకటి ఇక్కడొకటి ఆరు ట్రైలర్లు. మిగిలిన చోటంతా గడ్డి మీద పాలిపోయిన పొడుగాటి చారలు, ట్రైలర్లు నిలబడి వెళ్ళిన జాడలు. అన్నిటికన్నా ముందున్న ట్రైలర్ నీడలో కుర్చీ వేసుకుని ఒక ముసలాయన గుర్రపు కళ్ళేనికి నూనె రాస్తున్నాడు. వాళ్ళకి గుర్రాలు పోయి ఎన్నాళ్ళయిందో, కళ్ళేన్ని మాత్రం వదల్లేదు. నన్ను చూసి తల ఊపి, లోపలికి చూపించాడు.

లోపల ఆయన భార్య. అక్కడ అందరూ ఆవిణ్ణి గ్రానీ అనేవారు, నాకు మాత్రం మొదటి చూపులోనే మామ్మ అనిపించింది. సన్నగా, నిటారుగా, నోట్లో మాట నోట్లో ఉండగానే ఎదుటివాళ్ళ మనసు చదివేసే కళ్ళతో. ఇక ఆ ట్రైలరు లోపల! అయ్యో రామ, నేను ఏ గుడారమో, గుడ్డలమూటలో ఊహించుకుని వెళ్ళానా, గుమ్మంలోనే నోరు తెరుచుకుని నిలబడిపోయాను. చెప్పులు బయటే విప్పాలి. నేల అద్దంలా ఉంది. కిటికీలకు చేత్తో అల్లిన లేసు తెరలు, గాజు బీరువాలో బంగారు అంచుల పింగాణీ పళ్ళేలు, మూలన మేరీమాత బొమ్మ, దాని ముందు వాడని పూలు. మా అపార్టుమెంటులో సింకులో నానుతున్న పొద్దుటి గిన్నెలు గుర్తొచ్చి తల వంచుకున్నాను.

మంచినీళ్ళు ఇచ్చింది. నేను అలవాటు చొప్పున గ్లాసు ఎత్తి, పెదవులకు తగలకుండా పోసుకుని తాగాను. కొత్త చోట, పరాయివాళ్ళ గ్లాసు ఎంగిలి చెయ్యకూడదని మా నాయనమ్మ వీపు మీద చరిచి నేర్పిన విద్య అది. సగం నీళ్ళు చొక్కా మీద పడ్డాయి కూడా. మామ్మ కళ్ళు పెద్దవి చేసి చూసి, కోడళ్ళను కేకేసి పిలిచి, ఇంకోసారి తాగి చూపించమంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వాళ్ళ బేసిన్లు చూపించింది. గిన్నెలకు ఒకటి, చేతులకు ఒకటి, బట్టలకు ఒకటి, ఒకదానిది ఒకదానికి తగలకూడదు. నాకు ముందు ఆఫీసు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి గిన్నెల బేసిన్లో చేతులు కడుక్కున్నాడట, ఆ బేసిన్ను ఆ పూటే బయట పారేసిందట. మడీ ఎంగిలీ ఎరిగిన ఇంట్లో పుట్టిన నాకు ఇందులో కొత్తేముంది! ఫారంలో "స్నానాల గది ఇంటి లోపల ఉందా" అన్న ప్రశ్నకి, వండుకునే చోట ఆ పనులేమిటి, ఛీ అని మామ్మ అంటే, పెరటి చివర ఎక్కడో ఉండే మా ఇంటి దొడ్డి సంగతి నేనూ చెప్పి, ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం.

అంత నవ్వుకున్నదాన్ని, అంత కలిసిపోయినదాన్ని, చేసిందేమిటి? ఫారంలో మొదటి ప్రశ్న, నిన్న రాత్రి ఇక్కడ ఎవరెవరు పడుకున్నారు అని. మామ్మ అడిగినదానికి అడిగినట్టు నిజం చెప్పింది. ఆరు కుటుంబాలు. మిగతా చోట్ల ఎవరున్నారు అని ఫారం అడగలేదు, నేనూ అడగలేదు. ఆ బయలుకి నేను గీసుకున్న పటం తీసి, ఆ పాలిపోయిన చారలన్నిటి మీదా వరసగా ఖాళీ, ఖాళీ, ఖాళీ అని రాసుకుంటూ పోయాను. చక్కటి దస్తూరీతో మరీ రాశాను.

నా పట్టిక చూసి మా ఆఫీసరు మురిసిపోయాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆరు కుటుంబాలే కాబట్టి ఆరు అపార్టుమెంట్లు ఇచ్చేస్తే, గోడలూ గొట్టాలూ ఉన్న మంచి ఇళ్ళలో సుఖంగా ఉంటారని మనస్ఫూర్తిగా నమ్మాడు. వేరే నెలలో ఇంకోసారి వెళ్ళి చూద్దామన్న ఆలోచన ఆయనకీ రాలేదు, ఎమ్మెస్సీ చదివిన నాకూ రాలేదు. ఏప్రిల్ నెలాఖరులో కౌన్సిలు మీటింగు. దానికి వారం ముందు, ఆరు అపార్టుమెంట్లు ఇస్తామన్న ఉత్తరం మామ్మకి స్వయంగా ఇచ్చి, ఆవిడకి చదువు రాదు కనుక చదివి వినిపించి రమ్మని నన్నే పంపించారు.

రైలు పట్టాలకు రెండు మైళ్ళ ముందే నా కారు ఆపాల్సి వచ్చింది. యాక్సిడెంటేమో అనుకుని దిగి చూస్తే, రోడ్డు పొడవునా ట్రైలర్లు. కంటికి ఆనినంత మేర, ఒకదాని వెనక ఒకటి, ఎండలో తళతళలాడుతూ, ఒక్క హారన్ మోత లేకుండా, మెల్లగా ఆ బయలు వైపు కదులుతున్నాయి. నంబరు ప్లేట్లు చూస్తే జార్జియా, టెనెసీ, కరొలైనా, ఫ్లారిడా. నేను కారు పక్కకు పెట్టి, ఉత్తరం చేత్తో పట్టుకుని నడిచి వెళ్ళేసరికి, నా "ఖాళీ"లన్నీ నిండుతున్నాయి.

ఎలా నిండుతున్నాయో చెప్తే నమ్మరు. కొత్త గడ్డి మొలిచి ఆ చారల జాడలు కూడా లేవప్పుడు. తాడు లేదు, మేకు లేదు, అంకె వేసిన పలక లేదు, దారి చూపే మనిషి లేడు. వచ్చిన ప్రతి బండీ గేటు దాటి, ఎక్కడా తడుముకోకుండా నేరుగా వెళ్ళి, ఒక చోట వెనక్కి తిరిగి, జానెడు అటూ ఇటూ కాకుండా నిలబడుతోంది. ఇది నీది కాదు నాది అన్న మాట ఒక్కటి వినబడలేదు. నేను చెమట కక్కుతూ గీసుకున్న ఆగస్టు పటం బ్యాగులోంచి తీసి చూసుకుంటే, ఖాళీ అని రాసిన ప్రతి చోటా ఇప్పుడు ఒక ఇల్లుంది, మెట్ల మీద పిల్లలున్నారు, తలుపు తీసి నాకేసి చూస్తున్న ఇల్లాలుంది. అక్కడే ఒక బండి మెట్టు మీద కూలబడ్డాను. ఎవరో మంచినీళ్ళిచ్చారు. ఈసారి ఎత్తి పోసుకోవడం కూడా చేతకాలేదు.

విషయం మామ్మ పెద్దకోడలు చెప్పింది. కళ్ళేనికి నూనె రాసుకున్న ఆ ముసలాయన డిసెంబరులో పోయారట. మామ్మ ఆయన్ని వెంటనే పూడ్చనివ్వలేదు. వాళ్ళలో అది ఆచారం. ఏడాదిలో ఎవరు ఎప్పుడు పోయినా, శవాన్ని అంత్యక్రియల సంస్థ వాళ్ళ దగ్గరే భద్రం చేయించి, అందరూ ఒకచోటికి చేరే ఈ ఏప్రిల్ వారం దాకా ఆగుతారు. తన మనిషిని సాగనంపడానికి రావాల్సినవాళ్ళలో ఒక్కరు తగ్గినా అది సాగనంపడం కాదు. మామ్మ నాలుగు నెలలు ఆ ట్రైలర్లో ఒక్కతే, ఆయన కుర్చీని చూసుకుంటూ ఆగింది. ఆ వారంలో ఆయన్నే కాదు, ఆ ఏడాది వేరేచోట్ల పోయిన ముగ్గుర్ని కూడా అక్కడికే తీసుకొచ్చారు.

నేను ఆ రోజు ఆఫీసుకు తిరిగి వెళ్ళలేదు. మర్నాడు అంత్యక్రియలకి మా వారిని కూడా లాక్కుని వెళ్ళాను. చర్చి నుంచి శ్మశానం దాకా రోడ్డంతా నల్లబట్టల మనుషులు. గుర్రపు బండి ఆకారంలో పూలతో కట్టిన మనిషెత్తు గుత్తి ఒకటి ముందు నడిచింది. నెలల పసివాళ్ళ దగ్గర్నుంచి తొంభైలు దాటిన ముసలివాళ్ళ దాకా ఒక్కొక్కరే మామ్మ ముందుకొచ్చి చేతులు పట్టుకుంటుంటే, ఆవిడ ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పిలిచింది. అన్ని వందలమందిలో ఒక్క పేరు కూడా తడబడలేదు. రెండు రోజులు గడిచాక అదే బయల్లో రెండు పెళ్ళిళ్ళు జరిగాయి, మామ్మ నల్లబట్టల్లోనే ముందు వరసలో కూర్చుని పెళ్ళికూతుళ్ళని దీవించింది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటాం మనం. వాళ్ళు ఇల్లన్నది కట్టకుండానే చావునీ పెళ్ళినీ ఒక్క వారంలో, ఒక్క నేల మీద అంత నిండుగా చేసుకుంటుంటే, నేనేమిటి, వీళ్ళకు ఇంటి అవసరం లెక్కకట్టడమేమిటి అనిపించింది.

ఉత్తరం చూపించక తప్పలేదు, మామ్మే అడిగింది. చదివి వినిపించాను. సగంలో ఆపేసి, కోపగించుకుంటుందని, బయటికి నడవమంటుందని ఎదురుచూశాను. ఆవిడ నా తలమీద చెయ్యి వేసి, "లెక్క బాగానే వేశావమ్మా, నువ్వు వచ్చిన నెలే తప్పు" అంది. తిట్టినా బాగుండును. ఈ నేల పోతే వచ్చే ఏడాది మావాళ్ళు నా కోసం ఎక్కడికొచ్చి ఆగుతారు అని మాత్రం అడిగింది, నన్ను కాదు, కిటికీలోకి చూస్తూ. డాక్టర్లు ఆవిడ గుండె గురించి అంతకుముందే ఏదో చెప్పారట.

మా ఆఫీసరు మండిపడ్డాడు. సంతకం చేసి ఇచ్చిన రిపోర్టు తప్పని కౌన్సిలు ముందు చెప్తే ఆఫీసు పరువు పోతుందనీ, వారం రోజుల తిరునాళ్ళని నివాసం అనరనీ అన్నాడు. ఇంట్లో మా వారు అంత్యక్రియలకు వెళ్ళేముందు వరకూ అదే పాట. "నీకెందుకే ఈ తలనొప్పి? బెనిఫిట్స్ ఉన్న జాబ్, వచ్చే నెలతో నీ ప్రొబేషన్ అయిపోతుంది, అప్పటిదాకా కామ్‌గా ఉండు" అన్నారు. అలాంటి మనిషి ఆ బయల్లో మూడు గంటలు నిలబడి, తిరుగు ప్రయాణంలో ఇంటి దగ్గరికి వచ్చాక, కొత్త రిపోర్ట్ ఎప్పుడు ఇస్తున్నావు అని ఒక్క మాట అడిగారు. ఆ వారమంతా నేను తెల్లారకముందే వెళ్ళి, నా పాత పటం మీద ఖాళీ అన్న మాట కొట్టేస్తూ, ఒక్కో చోట ఒక్కో ఇంటిపేరు రాసుకున్నాను.

కౌన్సిలు మీటింగుకి ఆ అరువు ప్యాంటు వద్దనుకుని చీర కట్టుకుని వెళ్ళాను. వణుకుతున్న కాళ్ళు చీర కుచ్చిళ్ళలో కనబడవని మీకు చెప్పనక్కరలేదు. నేను తప్పు రాశానని, ఎందుకు తప్పో, కొత్త పటం ఏమిటో చెప్పాను. ఒక సభ్యుడు కళ్ళజోడు సర్దుకుని, మరి వీళ్ళకి ఎన్ని ఇళ్ళు కావాలమ్మా, అంకె చెప్పు అన్నాడు. ఒక్కటి కూడా అక్కర్లేదు, ఆ నేల అక్కడ ఉంటే చాలు, ఏడాదిలో ఎక్కువ నెలలు అది ఖాళీగా కనిపిస్తుంది, అలా కనిపించే హక్కు దానికుండాలి అన్నాను. నాకు అంత ఇంగ్లీషు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. వెనక బెంచీలో మామ్మ కొడుకులు టోపీలు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఒక్క ఓటు తేడాతో అమ్మకం ఆగింది. నా ప్రొబేషను మరో ఆరు నెలలు పొడిగించారు, పోతేపోయింది.

మామ్మ డాక్టర్ల మాట లెక్కచెయ్యకుండా ఎనభైల మధ్య సంవత్సరాల దాకా బతికింది. పోయింది మే నెలలో, అంటే అందరూ వచ్చి వెళ్ళిపోయాక. ఆవిడ కోసం పదకొండు నెలలు ఆగారు. మళ్ళీ ఏప్రిల్లో అదే రోడ్డు మీద, అదే బారు, నేనూ మా వారూ కారు పక్కకు పెట్టి, మూడేళ్ళ మా అమ్మాయిని ఎత్తుకుని నడిచాం. అన్ని బండ్లూ ఎవరి చోట వాళ్ళు ఆగాక చూస్తే, గేటుకు ముందున్న మామ్మ చోటు ఒక్కటే గడ్డితో అలా ఉండిపోయింది. ఆ రోజు మాత్రం నేను దాన్ని ఖాళీ అనుకోలేదు.

ఇప్పుడు ఆ బయలు లేదు. ఎవరూ వెళ్ళగొట్టలేదు, వాళ్ళ పిల్లలే వేరేచోట సొంత స్థలాలు కొనుక్కుని ఇటుకల ఇళ్ళు కట్టుకున్నారని విన్నాను. అక్కడ ఇప్పుడు జనం ఇంట్లో పట్టని సామాన్లు దాచుకునే గోడౌన్లు వరసగా ఉన్నాయి, ప్రతి తలుపుకీ ఒక నంబరు, ఒక తాళం. సంతోషించాలో ఏడవాలో నాకు తెలియలేదు. మనమూ అంతేగా, ఒక్కొక్కరికీ నాలుగేసి పడక గదుల ఇళ్ళు కట్టుకున్నాం, చుట్టాలొస్తే పడుకోవడానికి గెస్ట్‌రూమ్ అని ఒకటి విడిగా పెట్టుకున్నాం, ఆ మంచం మీద దుప్పటి నలగకుండా ఏళ్ళకేళ్ళు గడిచిపోతున్నాయి.

రెండేళ్ళ క్రితం మా వారు పోయారు. అంత్యక్రియల హాలు గంటన్నర ఇచ్చారు, మా తర్వాత వాళ్ళు అప్పటికే బయట పార్కింగులో ఎదురుచూస్తున్నారు. బెంటన్‌విల్ నుంచి మా మరిది తెల్లవారుజామున లేచి డ్రైవ్ చేసుకుంటూ వచ్చి, మర్నాడు ఆఫీసుందని అన్నం కూడా తినకుండా వెళ్ళిపోయాడు. దేశానికి ఆ మూలన బాతెల్లో ఉన్న మా అబ్బాయి విమానం ఆలస్యమై, అంతా అయ్యాక వచ్చాడు. మిగిలిన అందరికీ మా అల్లుడు వీడియో లింకు పంపించాడు, చాలామంది చూశారట, పాపం. మనకి శాస్త్రప్రకారం శవాన్ని ఎక్కువసేపు ఉంచకూడదు, నిజమే, కాదనను. మేమూ రెండు రోజులు ఆగాం, ఎవరి కోసమో కాదు, హాలు దొరక్క.